ఊట నీళ్ల మీద పడ్డ నింద

ఆ నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో నాకు తెలుసు. మర్నాటికల్లా రుజువుతో సహా తెలుసు. అయినా నోరు విప్పలేదు. నేను చెప్పకుండా మింగేసిన ఆ ఒక్క మాట వల్ల ఒక గూడెం మంచినీళ్లు వదిలేసి మురికినీళ్లు తాగింది. మనుషులు పోయారు. ఆ పాపమంతా ఒక ముసలాయన నెత్తిన పెట్టి, ఆయన మూఢనమ్మకం వల్లే ఇదంతా జరిగిందని కాగితాలకెక్కించారు. అలా రాస్తున్నప్పుడు నేను ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

నేను సైన్స్ మాస్టారిని. అదే ఇందులో అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన సంగతి.

తొంభైల చివర్లో నన్ను అరకు దిగువన, సున్నపురాయి కొండల పక్కనున్న ఆశ్రమ పాఠశాలకు వేశారు. గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి అది. మాస్టర్లం దాదాపు అందరం కింద నుంచి, అంటే విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లమే. సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుంటే మా కాలక్షేపం గూడెం వాళ్ల నమ్మకాలను చెప్పుకుని నవ్వుకోవడం. కొత్త మామిడికాయ పండగ చేసేదాకా కాయ ముట్టరట, దిసారి రోజు చూసి చెబితే గానీ విత్తనం చల్లరట. దిసారి అంటే ఆ గూడేనికి మంచిరోజులు చూసి చెప్పే పెద్ద.

ఇలా నవ్వినవాళ్లు ఎలాంటివాళ్లో కూడా చెప్పాలి. మా హెడ్మాస్టరు వంటశాలలో పొయ్యి ఆగ్నేయ మూలకు రాలేదని గోడ పగలగొట్టించాడు. లెక్కల మాస్టారు బీపీ తగ్గుతుందని చేతికి అయస్కాంతం పట్టీ కట్టుకుని తిరిగేవాడు. మాత్రలు మానేసి, తల తిరిగి క్లాసులో కూలబడినప్పుడు కూడా పట్టీ కొంచెం బిగుతుగా కట్టుకోవలసిందన్నాడు. దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగాయని గోల లేచిన రోజున తామంతా చెంచాలు పట్టుకుని ఎలా పరుగెత్తారో ఇద్దరు ముగ్గురు మురిపెంగా చెప్పుకునేవారు. రాయికి తడి ఎలా పాకుతుందో నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పగలను. ఎందుకొచ్చిన గొడవని వాళ్లతో పాటు నేనూ తలూపేవాణ్ణి. ఊరుకోవడం నాకు అక్కడే అలవాటైంది.

బడికి పైన, కొండ వాలులో గూడెం. గూడేనికి పైన రాతి సందులోంచి ఊట. వెదురును చీల్చి, గణుపులు తీసి, దోనెలా పరిచి ఆ నీళ్లను ఇళ్ల దాకా దించుకున్నారు. ఎండాకాలంలో కూడా తగ్గేవి కావు. సున్నపురాయిలోంచి వచ్చే నీళ్లు గనక కుండల అడుగున తెల్లగా పెచ్చు కట్టేది. ఆడవాళ్లు బూడిదతో రుద్దుకునేవారు. అంతకు మించి ఆ నీళ్లలో చెడ్డ ఏమీ లేదు. గూడేనికి కింద గెడ్డ, అంటే కొండవాగు, పారేది. పై గూడేల పశువులు, బట్టలు, బహిర్భూమి అన్నీ ఆ గెడ్డకే. దాని నీళ్లు తాగేవాళ్లు కాదు.

ఇంతలో మా బావమరిది వచ్చాడు.

మా ఆవిడకు తమ్ముడు. డిగ్రీ చదివి చాలాకాలం ఖాళీగా తిరిగాడు. ఒక వేసవి చివర్లో మెడలో టై, చేతిలో సూట్‌కేసుతో మా క్వార్టరు ముందు ప్రత్యక్షమయ్యాడు. నీళ్ల ఫిల్టర్లు అమ్మే ఉద్యోగం వచ్చిందట. వాళ్లింట్లో ఒక్కగానొక్క మగపిల్లాడు. ఆ టై చూసుకుని మా అత్తగారు వీధి వీధంతా చెప్పుకుందట.

"బావా, రేపు మీ బళ్లో ఒక డెమో ఎడతాను" అన్నాడు. "ఈ కొండోళ్లంతా నీళ్లు కాదు, విషం తాగుతన్నారు. కల్లకి కట్టినట్టు సూపిస్తాను."

"గూడెంలో కరెంటే లేదు. నీ ఫిల్టరు ఎవరు కొంటారు?"

"మీ స్టాఫ్ కొంతారు, బజార్లో షావుకార్లు కొంతారు. జనం పోగైతేనే కదా ఆలకి నమ్మకం కుదిరేది. నువ్వేటీ మాటాడక్కర్లేదు బావా, పక్కన నిలబడు సాలు. సైన్స్ మాస్టారు నిలబడ్డాడంటే అదే గ్యారంటీ."

నిలబడ్డాను. గూడెంలో అందరినీ రమ్మని పిల్లలతో కబురు పంపింది నేనే. వరండాలో బల్ల వేయించింది నేనే. ఆఖరికి ఆ మిషను ప్లగ్గు సాకెట్‌లో పెట్టిందీ నేనే.

మిషనంటే ఏమీ లేదు. ఒక చిన్న డబ్బా, దాని కింద రెండు జతల లోహపు కడ్డీలు. ఒక జత ఒక గ్లాసులోకి, ఇంకో జత ఇంకో గ్లాసులోకి దిగుతాయి. ఒక గ్లాసులో మా బావమరిది తన సీసాలోంచి ఫిల్టరు చేసిన నీళ్లు పోశాడు. రెండో గ్లాసులో ఊట నీళ్లు. చూపులకు రెండూ ఒక్కలాగే తేటగా ఉన్నాయి. మీట నొక్కాడు.

సీసా నీళ్లు అలాగే ఉన్నాయి. ఊట నీళ్లలో ముందు బుడగలు లేచాయి. తర్వాత పచ్చగా ఏదో తేలింది. చూస్తుండగానే చిక్కబడి, ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా అయిపోయింది. పైన నురగ, అడుగున మడ్డి.

"ఓలమ్మో! రగతంలాగుంది!" అని ఒకావిడ చంకలోని పిల్లను వెనక్కి తిప్పుకుంది.

"సూసేరా?" మా బావమరిది గ్లాసు ఎత్తి పట్టుకుని వరండా చివరి దాకా నడిచాడు. "ఇదీ మీరు తరతరాలుగా తాగుతున్నది! కిడ్నీలో రాళ్లు, కీళ్ల నొప్పులు, పిల్లల జొరాలు, అన్నీ ఇందులోవే. కంటికి కనబడవు. మిషన్ బయటికి లాగీసింది. ఇది సైన్స్! కావాలంటే మీ మాస్టార్ని అడగండి."

అందరూ నా వైపు చూశారు. నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వును నేను ఈ జన్మలో క్షమించుకోలేను.

పట్నాల్లో అయితే ఇక్కడితో కథ అయిపోతుంది. భయపడినవాడు ఫిల్టరు కొంటాడు, భయపడనివాడు ఇంటికి పోతాడు. గూడెం వాళ్లు ఆ రెండూ చేయలేదు. వాళ్ల పద్ధతి వేరు. కొత్త ఇల్లు కట్టాలంటే నాలుగు చోట్ల గుప్పెడు బియ్యపు గింజలు పెట్టి ఆకు మూసి వస్తారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఏ చోట గింజలు చెదరకుండా ఉన్నాయో చూసి అక్కడ గుంజ పాతుతారు. ఏదైనా సరే పక్కపక్కన పెట్టి చూసుకుని, మంచిది ఎంచుకోవడం వాళ్లకు అలవాటు. మిషను ముందు కూడా అదే చేశారు.

దిసారి ముందుకొచ్చాడు. సన్నగా, వంగని వెదురు కర్రలా ఉండేవాడు. చెవి వెనక ఎప్పుడూ సగం కాల్చిన చుట్ట.

"ఒక్క నీల్లే సూపితే ఎలాగ బాబూ? అన్ని నీల్లూ సూపు" అన్నాడు.

ఆడవాళ్లు బిందెలు పట్టుకుని తలో దిక్కుకూ వెళ్లారు. బడి బావి నీళ్లు, గెడ్డ నీళ్లు, ముందు రోజు కురిసిన వానకు రాతి గుంటలో నిలిచిన నీళ్లు, అన్నీ వచ్చాయి. మా బావమరిదికి విసుగ్గా ఉంది. అయినా జనం ఎదుట కాదనలేక ఒక్కో గ్లాసే పోసి చూపించాడు. ఊట నీళ్లు అన్నిటికన్నా ఎర్రగా తేలాయి. బావి నీళ్లు దానికి కొంచెం తక్కువ. గెడ్డ నీళ్లు, గుంటలోని వాననీళ్లు మాత్రం పాలిపోయిన పసుపు రంగులో ఆగిపోయాయి.

"మరైతే గెడ్డ నీల్లు మంచివా?" అని దిసారి అడిగాడు.

సాయంత్రం రైలుకి వెళ్లే తొందరలో వైర్లు చుట్టుకుంటున్న మా బావమరిది తల కూడా ఎత్తకుండా, "ఆఁ, దాన్లో మలినం తక్కువే" అనేశాడు.

జనం కదిలాక దిసారి నా దగ్గరకొచ్చాడు. వాళ్ల భాషలో 'మీరు' అన్న మాట లేదు. అందరినీ నువ్వనే అంటారు, అందులో అగౌరవం ఉండదు.

"మాస్టరూ, నువ్వు సదూకున్నోడివి. ఆ పిల్లోడు సెప్పింది నిజవేనా? గెడ్డ నీల్లు తాగొచ్చంతావా?"

"మిషను చూపించింది కదా" అన్నాను.

అది జవాబు కాదు. జవాబు చెప్పకుండా తప్పించుకోవడం. ఆయన దాన్ని జవాబుగానే తీసుకున్నాడు. సైన్స్ మాస్టారు తప్పించుకుంటాడని ఆయనకెలా తెలుస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం మనసొప్పక లాబ్ తలుపు తీశాను. లాబంటే ఒక బీరువా, ఒక బల్ల. రెండు ఇనుప మేకులకు తీగలు చుట్టి, కరెంటు తగ్గించి ఇచ్చే పెట్టెకు కలిపి ఊట నీళ్లలో ముంచాను. ఎర్రబడ్డాయి. ఖర్చయిపోయిన టార్చి సెల్లులు పగలగొట్టి లోపలి బొగ్గు కడ్డీలు తీసి, మేకుల బదులు వాటిని పెట్టాను. అవే ఊట నీళ్లు, అదే కరెంటు. బుడగలు తప్ప ఏ రంగూ రాలేదు. మా బావమరిది వదిలేసి వెళ్లిన సీసా నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ఇనుప మేకులు దించాను. ఆ శుద్ధమైన నీళ్లు ఊట నీళ్లకన్నా ఎర్రబడ్డాయి.

అంతే సంగతి. ఆ ఎరుపు నీళ్లది కాదు, ఇనుప కడ్డీలది. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు దిగుతుంది. నీళ్లలో లవణాలు ఎంత ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది. ఊట నీళ్లలో సున్నం ఉంది గనక ఎక్కువ తుప్పు. తొలకరి వాన పడ్డ గెడ్డలో సగం వాననీరే గనక తక్కువ తుప్పు. రోగం తెచ్చే క్రిముల సంగతి ఆ మిషనుకు అణువంత కూడా తెలియదు. ఏటా పదో తరగతికి నేను చెప్పే పాఠమే ఇది.

ఆ రోజే గూడేనికి నడిచి వెళ్లి ఉంటే సరిపోయేది. పావుగంట దారి. వెళ్లకుండా ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను.

"మీ ఊట ఎక్కడికీ పోదు. మా తమ్ముడి ఉద్యోగమే పోద్ది" అంది.

ఆమె మీద వేసి తప్పుకోను. ఆమెకు సైన్స్ తెలియదు, తమ్ముడి ముఖం తెలుసు. నాకు రెండూ తెలుసు. పైగా నా భయం నాకుంది. ప్లగ్గు పెట్టినవాణ్ణి నేను, పక్కన నిలబడి నవ్వినవాణ్ణి నేను. మోసమని చెబితే ముందు అడిగేది నన్నే కదా. గెడ్డ నీళ్లు ఎవరు తాగుతారులే, రెండు రోజులు భయపడి మళ్లీ ఊటకే పోతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాళ్లు రెండు రోజుల్లో మరిచిపోయే మనుషులు కారు. చూసుకుని, ఎంచుకుని, ఆ తర్వాత పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. నీళ్లు మార్చడం చిన్న పని కాదు గనక దిసారిని రోజు పెట్టమన్నారు. ఆయన పెట్టాడు. ఊట దగ్గర కోడిని కోసి, ఇన్నాళ్లూ నీళ్లిచ్చిన తల్లికి దండం పెట్టి, గెడ్డకు దారి మార్చారు. బడి వరండాలోంచి చూస్తే ఆడవాళ్లు ఊట వైపు తిరక్కుండా బిందెలతో గెడ్డలోకి దిగడం కనిపించేది. నేను రోజూ చూసేవాణ్ణి. చూసి, హాజరు పుస్తకం తీసుకుని క్లాసులోకి వెళ్లేవాణ్ణి.

వానలు ముదిరాయి. పై గూడేల్లోంచి గెడ్డ ఎర్రమట్టి, పేడ, అన్నీ కలుపుకుని దిగింది. గూడెంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట పోయింది దిసారి భార్య. డోలీ కట్టి వానలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. జీపు వచ్చేసరికి ప్రాణం లేదు. నేను రోడ్డు పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. డోలీ కర్రకు ముందు భుజం పట్టింది దిసారే. దింపాక ఆయన ఆమె కాళ్ల మీద తడిసిన గుడ్డను సర్దుతూ ఉండిపోయాడు. తర్వాత ఇంకొందరు పోయారు. చిన్నపిల్లలు కూడా.

డాక్టర్లు వచ్చారు, మందులిచ్చారు, గెడ్డ నీళ్లు తాగొద్దని చెప్పి మళ్లీ ఊటకే మళ్లించారు. ఆ తర్వాత విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. మా బడి వరండాలోనే, మిషను పెట్టిన బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"పైన అంత మంచి ఊట పెట్టుకుని గెడ్డలో నీళ్లు తాగడమేంటయ్యా?" అని అడిగాడు.

"దిసారి రోజు ఎట్టినాడు బాబూ" అన్నాడొక పెద్దమనిషి.

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి మా హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు, "వీళ్లింతే సార్. అంతా మూఢనమ్మకాలు. మేం ఎంత చెప్పినా వినరు" అన్నాడు. వాస్తు కోసం గోడ పగలగొట్టిన మనిషి!

వెనక నుంచి ఒకావిడ లేచింది. మిషను రోజున పిల్లను వెనక్కి తిప్పుకున్నావిడే. ఇప్పుడామె చంక ఖాళీగా ఉంది.

"రోజు ఉట్టినే ఎట్టలేదు. మిసను సూపింది. ఊట నీల్లు రగతం అయిపోనాయి. ఈ మాస్టరే తీగ ఎట్టినాడు."

"ఏం మిషను?" ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీరు సైన్స్ మాస్టారు కదా. ఏమంటుందావిడ?"

దిసారి నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను చెబుతానని ఆయన నమ్మకం.

"వాళ్లేం చెబుతున్నారో నాకూ సరిగ్గా అర్థం కావడం లేదు సార్" అన్నాను.

ఆఫీసరు రాసుకున్నాడు. వారం తిరక్కుండా ఒక పేపర్లో వచ్చింది, మన్యంలో మూఢనమ్మకానికి జనం బలి అని. చదివి స్టాఫ్ రూములో అందరూ నాలుకలు చప్పరించారు. లెక్కల మాస్టారు అయస్కాంతం పట్టీ ఉన్న చేత్తోనే ఆ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఇప్పటికీ నా రక్తం ఉడికేది ఇక్కడే. వాళ్లు చేసిన దాంట్లో మూఢత్వం ఎక్కడుంది? కళ్లెదుట పరీక్ష పెడితే చూశారు. ఒక్కదానితో తృప్తిపడక పక్కన ఇంకో మూడు పెట్టి చూశారు. తెలిసినవాణ్ణని చెప్పుకునే నన్ను అడిగారు. ఆ తర్వాత అమ్మను వదిలినంత బాధతో ఊటను వదిలారు. ఇంతకన్నా శాస్త్రీయంగా మా స్టాఫ్ రూములో ఒక్కరం ఎన్నడైనా ఒక్క పనైనా చేశామా? అబద్ధమంతా పరీక్ష పెట్టినవాడిలో ఉంది. పక్కన నిలబడి గ్యారంటీ ఇచ్చినవాడిలో ఉంది. అయినా మూఢులన్న పేరు మాత్రం వాళ్లకే వచ్చింది. ఎందుకంటే అప్పటికే ఆ పేరు వాళ్ల కోసం సిద్ధం చేసి పెట్టుకున్నాం.

అంతటితో అయిపోలేదు. గూడెంలో మూఢనమ్మకాల మీద ఒక కార్యక్రమం పెట్టమని పైనుంచి ఆదేశం. చేయాల్సింది ఎవరు? సైన్స్ మాస్టారే. కత్తికి ముందే మందారపువ్వు రుద్ది, నిమ్మకాయ కోసి ఎర్రగా కారించాను. "చూశారా, రక్తం కాదు. కత్తికి పువ్వు రసం పూశాను, నిమ్మ పులుపుకు ఎర్రబడింది. మంత్రగాళ్లు చేసే మాయ ఇదే" అని విడమరిచి చెప్పాను. ముందు వరసలో కూర్చున్న దిసారి అంతా శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు.

"మరి ఆ రోజు ఊట నీల్లు ఎర్రబడినాయి గదా మాస్టరూ. అదీ ఇలాటి మాయేనా?"

దేవుణ్ణి నమ్మేవాణ్ణయితే, ఆయనే నాకు ఇంకో అవకాశం ఇచ్చాడని అనేవాణ్ణి.

"అది మాయ కాదు. అది సైన్స్" అన్నాను.

జనం చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్లిపోయారు. మిషనుది తప్పు కాదంటే తప్పు దిసారిదే అనుకున్నారు, అప్పటి నుంచి ఆయన్ను రోజు అడగడం మానేశారు. మామిడి పండక్కి పక్క గూడెం నుంచి వేరే దిసారిని తెచ్చుకున్నారు. తోవలో ఎదురైతే కుర్రాళ్లు "ఏటి తాతా, ఈయేల ఏ నీల్లు తాగమంతావు?" అని నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి ఆయన గూడెం వదిలి ముంచింగిపుట్టు వైపు కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నాకూ బదిలీ అయింది.

చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో మా బావమరిదిని నిలదీశాను. అప్పటికి ఫిల్టర్లు వదిలేసి విశాఖలో అయస్కాంతం పరుపులు అమ్ముతున్నాడు. జరిగిందంతా చెప్పాను. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"బావా, గెడ్డ నీళ్లు తాగమని నాను సెప్పేనా? ఫిల్టరు కొనమని కదా సెప్పేను" అన్నాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "అయినా నీకు తెలిసినప్పుడు నువ్వు సెప్పాల. నాకు కంపెనీ ఏటి నేర్పితే అదే. నాను సదివింది కామర్స్" అన్నాడు.

వాణ్ణి అక్కడే కొట్టాలనిపించింది. దానికి మాత్రం నాకు హక్కు లేదు. వాడన్న రెండో మాట నిజం.

ఆ తర్వాతే ముంచింగిపుట్టు వెళ్లాను. వారపు సంత రోజు. కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, ఎండుచేపల మధ్య తిరిగి తిరిగి చివరికి దిసారిని పట్టుకున్నాను. అల్లుడు తెచ్చిన చీపుర్ల కట్టల పక్కన కూర్చుని ఉన్నాడు. బాగా వంగిపోయాడు. నన్ను గుర్తుపట్టాడు.

"మాస్టరూ! ముసిలోడివైపోయావేటి?"

ఆ సంతలోనే, కిందే కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. తుప్పు సంగతి, బొగ్గు కడ్డీల సంగతి, మా బావమరిది సంగతి. ఆయన మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు.

"నాను నిన్ను అడిగిన్నాటికే తెలుసా?"

"మొదటిసారి అడిగినప్పుడు అనుమానం. మర్నాడు తెలిసింది. రెండోసారి అడిగినప్పుడు పూర్తిగా తెలుసు."

ఆయన చాలాసేపు చీపుర్లు సర్దాడు. ఒక కట్ట విప్పి మళ్లీ కట్టాడు. ఎవరో వచ్చి బేరమాడితే వాళ్లతో మాట్లాడాడు. నేను అలాగే కూర్చున్నాను.

"ఇక్కడ సెప్తే ఏటి లాభం?" అన్నాడు చివరికి. "ఇక్కడ నన్నెవుడూ ఏటీ అన్లేదు. అన్నోళ్లు అక్కడున్నారు. అక్కడ సెప్పు."

"రేపే వెళదాం" అన్నాను.

"రేపటి దాకా ఎందుకు? నీకు మల్లీ నోరు పడిపోతే?" అని లేచాడు. "బేగి పద. జీపు ఎల్లిపోద్ది."

పాడేరు మీదుగా కిక్కిరిసిన జీపుల్లో మారి మారి వెళ్లాం. దారంతా ఆయన నాతో మాట్లాడలేదు. పక్కనున్న ముసలావిడతో మాత్రం కబుర్లు చెప్పాడు. ఆమె నేనెవరని అడిగితే, "మా ఊరి మాస్టరు. మాట మర్సిపోతే తెచ్చుకుందావని ఎల్తన్నాడు" అన్నాడు. ఆమె నవ్వింది. నేను తల దించుకున్నాను.

ఆ రాత్రి బడిలో పడుకుని తెల్లవారి గూడేనికి ఎక్కాం. దిసారి వచ్చాడంటే జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు.

"ఓహో, మల్లీ మిసను తెచ్చినావేటి మాస్టరూ?" అని ఎవరో గట్టిగానే అన్నారు. అందరూ నవ్వారు.

"మిషను లేదు. మాట ఒకటి ఉంది" అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో దారంతా ఆలోచించుకుని వచ్చాను. అక్కడ నిలబడేసరికి అదేమీ గుర్తు రాలేదు.

"ఊట నీళ్లు ఏనాడూ చెడ్డవి కావు" అన్నాను. "ఆ ఎరుపు ఇనుప కడ్డీల తుప్పు. ఏ మంచినీళ్లలో పెట్టినా వస్తుంది. నాకు మర్నాడే తెలిసింది. మీరు గెడ్డలోకి దిగడం రోజూ చూశాను, ఆపలేదు. ఆఫీసరు అడిగితే తెలియదన్నాను. ఈయన అడిగితే, ఇదే చోట నిలబడి, అది సైన్స్ అని అబద్ధం చెప్పాను. ఈయన రోజు పెట్టింది నా మాట నమ్మి. మీ ఇళ్లలో చావులకు కారణం ఈయన కాదు, ఈయన నమ్మకాలు కావు. నేను."

ఆ రోజు విచారణలో లేచి మాట్లాడినావిడ గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పింది నిజమమ్మా. నీ మాట నేను తీసేశాను. క్షమించు" అన్నాను. ఆమె నా మీంచి చూపు తిప్పుకోలేదు.

తర్వాత దిసారి వైపు తిరిగాను. జీవితంలో ఒక్కసారైనా ఆయన్ను మీరు అనాలనిపించింది.

"మీ ఇంటావిడ పోవడానికి నేను కారణం. మీ పేరు పోవడానికీ నేనే. నన్ను క్షమించండి."

ఆయన చెవి వెనక నుంచి చుట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు, వెలిగించలేదు.

"గట్టిగా సెప్పు మాస్టరూ" అన్నాడు. "ఎనకోళ్లకి ఇనబళ్లేదు."

గట్టిగా, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.